మొదటి టాటూ: నొప్పి ఎంత, ఖర్చు ఎంత

నా ఎడమ ముంజేతి మీద ‘అమ్మ’ అని ఉంటుంది. నేను హాస్టల్లో ఉన్నప్పుడు మా అమ్మ రాసిన ఉత్తరం చివర ‘ఇట్లు, అమ్మ’ అని సంతకం చేసేది. ఆ చేతిరాతనే యథాతథంగా వేయించుకున్నాను. అది చూసినవాళ్ళు మొదట అడిగేది ‘నొప్పేసిందా?’ అని. వెంటనే రెండోది, ‘ఎంతయింది?’

నొప్పేస్తుంది. ఓర్చుకోలేనంత కాదు. ఖర్చు మాత్రం మీరు అనుకున్నదానికంటే ఎక్కువే అవుతుంది. ఈ రెండూ చాలావరకు మీ చేతిలోనే ఉంటాయి. ఏ చోట, ఎంత సైజులో, ఎవరి చేత వేయించుకోవాలన్నది ముందే తేల్చుకుంటే స్టూడియో మెట్లెక్కే సరికి నొప్పి సగం, అనవసరపు ఖర్చు మొత్తం తగ్గిపోయినట్టే. నేను వెళ్ళిన వరసలోనే చెప్తాను.

ముందు చోటు తేల్చుకోండి

టాటూ సూది ఇంజెక్షన్ సూదిలా కండలోకి దిగదు. పై చర్మం కింద ఉన్న పొరలో, ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతున రంగు వదిలి వస్తుంది. కానీ మెషీన్ ఆ పని సెకనుకి పదులసార్లు చేస్తుంది. అందుకే అది ఒక్క పోటులా ఉండదు, గీరుకుపోయిన చోటనే మళ్ళీ మళ్ళీ గీరుతున్నట్టు ఉంటుంది. ఎక్కడ కండ ఉండి చర్మం మందంగా ఉంటుందో అక్కడ ఇది తేలిగ్గా గడిచిపోతుంది. ఎముక పైకే తగిలేచోట, ఎండ తగలని పల్చటి చర్మం మీద ప్రాణం మీదికొస్తుంది.

ఇంట్లో కూర్చుని ఒక పరీక్ష చేసుకోవచ్చు. అనుకున్న చోట గోటితో గట్టిగా గీసుకోండి, తర్వాత వేలితో నొక్కండి. గీత చురుక్కుమని, వేలికి వెంటనే ఎముక తగిలితే అది మొదటి టాటూకి తగిన చోటు కాదు.

జబ్బ బయటివైపు, ముంజేయి, తొడ బయటివైపు, పిక్క: మొదటిసారికి ఇవి మంచివి. భుజం వెనక భాగం కూడా ఫర్వాలేదు. మణికట్టు లోపలివైపు, చీలమండ, మీగాలు, మెడ కింద అడ్డంగా ఉండే ఎముక మీద నొప్పి బాగానే తెలుస్తుంది. ఇక డొక్కలు, రొమ్ము ఎముక, వెన్నెముక మీద, చంక దగ్గర, మోచేతి మడత, మోకాలి వెనక మడత, వేళ్ళు, ఇవన్నీ అనుభవం ఉన్నవాళ్ళే పళ్ళు బిగబట్టే చోట్లు. మా పెద్దమ్మ కూతురు మొదటిదే డొక్కల మీద వేయించుకుంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా చర్మం కదులుతుంది కాబట్టి గీత గీసేటప్పుడల్లా ఊపిరి బిగబట్టమన్నారట. ఒక్క సిట్టింగ్‌లో అయిపోవాల్సింది రెండుసార్లు వెళ్ళాల్సి వచ్చింది. వేళ్ళ మీద నొప్పి ఒక్కటే కాదు ఇబ్బంది. రోజంతా పనిలో, కడుగుళ్ళలో ఉండే చోటు కాబట్టి రంగు త్వరగా చెదిరిపోతుంది. మళ్ళీ మళ్ళీ టచప్, అంటే రంగు పోయిన చోట దిద్దించుకునే ఖర్చు.

ఆర్మీకో, పోలీసు ఉద్యోగానికో ప్రయత్నిస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇక్కడ ఆగి చదవండి. భారత సైన్యం నియామకాల్లో శాశ్వతమైన టాటూ ముంజేతి లోపలివైపు, అంటే మోచేయి నుంచి మణికట్టు దాకా, ఇంకా అరచేతి వెనకవైపు మాత్రమే ఒప్పుకుంటారు. ఆచారం ప్రకారం పచ్చబొట్లు ఉండే గిరిజన అభ్యర్థులకు మినహాయింపు ఉంది. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర సాయుధ బలగాల్లో ముంజేతి లోపలివైపు అయితే ఎడమ చేతికే అనుమతి, సెల్యూట్ చేసే చెయ్యి కాదు కాబట్టి. సైజు కూడా ఆ భాగంలో నాలుగో వంతుకి మించకూడదు. గ్రౌండ్లో పరుగు గెలిచి, మెడికల్‌లో టాటూ దగ్గర ఆగిపోయి ఇంటికొచ్చిన కుర్రాడు మా వీధిలోనే ఉన్నాడు. నోటిఫికేషన్ పూర్తిగా చదవకుండా సూది దగ్గరికి పోవద్దు.

ఇంకో మాట. పాత దెబ్బలు, చెవులు కుట్టించుకున్న చోట్లు గట్టిపడి ఉబ్బెత్తుగా కాయల్లా మారే తత్వం మీ ఒంటికి ఉంటే దాన్ని కీలాయిడ్ అంటారు. మన చర్మపు రంగువాళ్ళలో ఇది ఎక్కువ. ముఖ్యంగా రొమ్ము మీద, భుజాల మీద వస్తుంది. అలాంటివాళ్ళు చర్మ వైద్యుల్ని అడగకుండా వేయించుకోవద్దు. షుగరు అదుపులో లేనివాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడుతున్నవాళ్ళు కూడా ముందు డాక్టర్ని అడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కొన్నాళ్ళు ఆగడమే మేలు.

ఖర్చు లెక్క ఎలా వేస్తారు

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల స్టూడియోలు చిన్న డిజైన్లకి చదరపు అంగుళం లెక్కన, పెద్దవాటికి సిట్టింగ్ లెక్కన లేదా మొత్తం మీద ఒక రేటు చెప్తాయి. నేను తిరిగి చూసినంతలో శుభ్రంగా పనిచేసే చోట చదరపు అంగుళానికి 500 నుంచి 1000 రూపాయల మధ్య చెప్పారు. పేరున్న ఆర్టిస్టులు అంతకంటే ఎక్కువ. ఎంత చిన్నదైనా కనీస చార్జి అని ఒకటుంటుంది. వేలిమీద చిన్న చుక్క పెట్టినా 1500, 2000 తీసుకుంటారు. అది విని అన్యాయం అనుకున్నాను మొదట్లో. కానీ చుక్కకైనా కొత్త సూది విప్పాలి, కొత్త గ్లోవ్స్ తొడగాలి, బల్లకి, కుర్చీకి, మెషీన్‌కి ప్లాస్టిక్ చుట్టాలి, తర్వాత అవన్నీ పారేయాలి. ఆ డబ్బు చుక్కది కాదు, ఆ శుభ్రతది.

రేటు పెంచేవి ఇవీ: రంగులు, సన్నటి గీతల పని, నిజం మనిషిలా ఉండే ముఖాలు, కష్టమైన చోటు. నల్లటి అక్షరాలు అన్నిటికంటే చవక. దేవుడి బొమ్మో, నాన్నగారి ఫొటోనో అరచేయంత సైజులో వేయించాలంటే పది, పదిహేను వేలకి తగ్గకుండా సిద్ధపడండి. చెయ్యంతా నిండేది అయితే చాలా సిట్టింగులు పడతాయి, లెక్క లక్ష దాకా, కొందరి దగ్గర ఆ పైన కూడా పోతుంది. అమెరికాలో గంట లెక్కన తీసుకోవడం మామూలు, గంటకి 100 నుంచి 250 డాలర్లు, పైన టిప్ ఆనవాయితీ. అందుకే అక్కడున్న మనవాళ్ళు సెలవులకి ఇంటికొచ్చినప్పుడు వేయించుకుంటామంటారు. మంచి ఆలోచనే, కానీ తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు కాకుండా వచ్చిన మొదటి వారంలోనే కానివ్వండి. ఏదైనా తేడా వస్తే చూపించుకోవడానికి టైం ఉండాలి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. డిజైన్ గీసినందుకు విడిగా తీసుకుంటారా? జీఎస్టీ కలిపే చెప్పారా? మొదటి టచప్ ఉచితమా, ఎన్ని వారాల్లోపు రావాలి? నేను రాలేకపోతే అడ్వాన్స్ తిరిగిస్తారా? నాకు 3500 అని చెప్పి, చివర్లో డిజైన్‌కి 500, పైన పూసే ఆయింట్‌మెంట్‌కి 250 కలిపారు. అడగకపోవడం నా తప్పే.

బేరం ఆడొచ్చా? సైజు మీద ఆడండి, రంగుల మీద ఆడండి. ‘ఈ ఆకులు తీసేస్తే ఎంతవుతుంది?’ అంటే ఏ ఆర్టిస్టూ ఏమీ అనుకోడు. ‘పక్కవాడు సగానికే వేస్తానన్నాడు’ అన్న బేరం మాత్రం వద్దు. ఆ సగంలో తగ్గేది సూదీ, గ్లోవ్సే. జాతరల్లో, తిరునాళ్ళలో రోడ్డు పక్కన అక్షరానికి ఇంత అని వేసేవాళ్ళ దగ్గర ఒకే సూది ఎంతమంది చర్మంలోకి వెళ్ళొచ్చిందో చెప్పలేం. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి రక్తం ద్వారా పాకే జబ్బులు. వంద రూపాయల పేరు కోసం ఆ పందెం కాయొద్దు.

ఇప్పుడు మన తెలుగుకి ఉన్న ఒక ఖర్చు గురించి చెప్పాలి. తెలుగు అక్షరాలు గుండ్రటివి, ఒంపులెక్కువ. రంగు చర్మంలో ఏళ్ళు గడిచేకొద్దీ కొంచెం కొంచెం పాకుతుంది. ఇంగ్లీషు అక్షరాలు పావు అంగుళంలో నిలబడతాయేమో గానీ, మన తలకట్లూ, గుడులూ, ఒత్తులూ ఆ సైజులో వేస్తే పదేళ్ళకి ముద్దయిపోతాయి. ద, ధ, డ, ఢ, ప, ఫ: వీటి మధ్య ఉన్నది ఒక్క చిన్న గీత. అది పూడిపోతే పేరే మారిపోతుంది. ఒక్కో అక్షరం కనీసం అర అంగుళం ఎత్తు ఉండేలా, ఒత్తుకి కింద విడిగా జాగా ఉండేలా చూసుకోండి. అంటే అదే పేరు తెలుగులో వేయిస్తే చోటు ఎక్కువ పడుతుంది, డబ్బూ ఎక్కువే అవుతుంది. చవకవుతుందని అక్షరాలు కుదించొద్దు.

మా అమ్మమ్మ చేతి మీద తేలు బొమ్మ ఉండేది. ఊళ్ళోకి వచ్చిన ఎరుకలామె మూడు సూదులు కలిపి దారం చుట్టి, దీపపు మసిలో ఆకు పసరు కలిపి పొడిచిందట. కూలి కింద శేరు బియ్యం, ఒక పాత చీర. నాకు ఊహ తెలిసేసరికి ఆ తేలు కొండీ, కాళ్ళూ అన్నీ కలిసిపోయి నీలం మచ్చలా ఉండేది. అమ్మమ్మ చెప్తే తప్ప తేలని తెలిసేది కాదు. నేను ‘అమ్మ’ రెండున్నర అంగుళాల పొడవున వేయించుకోవడానికి ఆ తేలే కారణం.

వెళ్ళి చూసి, అప్పుడు అడ్వాన్స్ ఇవ్వండి

ఒకసారి ఊరికే వెళ్ళండి. వేరేవాళ్ళకి వేస్తుంటే చూడండి. సూది సీలు వేసిన ప్యాకెట్‌లోంచి మీ కళ్ళముందే విప్పాలి, దానిమీద గడువు తేదీ ఉంటుంది, చదవండి. రంగుని పెద్ద సీసాలోంచి చిన్న మూతల్లోకి పోసుకుని, మిగిలింది పారేయాలి. సీసాలోనే సూది ముంచితే బయటికి వచ్చేయండి. గ్లోవ్స్‌తోనే ఫోన్ ఎత్తి, అదే చేత్తో మళ్ళీ పని మొదలెట్టేవాళ్ళూ ఉన్నారు. ఆ ఒక్కటి చాలు వాళ్ళ సంగతి తెలియడానికి.

ఇన్‌స్టాలో పెట్టేవి ఎక్కువగా వేసిన నిమిషంలో తీసిన ఫొటోలు. అప్పుడు ఏదైనా నిగనిగలాడుతుంది. ‘ఏడాది, రెండేళ్ళు అయినవి చూపించండి, మన రంగు చర్మం మీదవి’ అని అడగండి. నల్లగా ఉన్నవాళ్ళకి లేత రంగులు వేసి డబ్బు తీసుకుంటారు. ఆర్నెల్లకి పసుపూ, తెలుపూ చర్మంలో కలిసిపోతాయి. నిజాయితీ ఉన్న ఆర్టిస్టు ముందే వద్దంటాడు. ఎరుపు రంగుకి దురద, అలర్జీ వచ్చే అవకాశం మిగతావాటికంటే ఎక్కువన్నదీ గుర్తుంచుకోండి.

హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోతే ముందు అది మొదలుపెట్టండి. మూడు డోసులు పూర్తవడానికి ఆర్నెల్లు పడుతుంది. డిజైన్ మీద మనసు స్థిరపడటానికి కూడా ఆ టైం పనికొస్తుంది. రక్తదానం చేసే అలవాటున్నవాళ్ళు, టాటూ తర్వాత ఏడాదిపాటు మన దేశంలో రక్తం తీసుకోరు కాబట్టి, ముందే ఒకసారి ఇచ్చి వెళ్ళండి.

ఆ రోజు

రాత్రి బాగా నిద్రపోండి. ముందురోజు నుంచీ మద్యం ముట్టొద్దు, రక్తం ఎక్కువ కారుతుంది, రంగు నిలవదు. కడుపు నిండా తినే వెళ్ళండి. ఉపవాసంతో, ఖాళీ కడుపుతో వెళ్తే కళ్ళు తిరిగి పడిపోయే అవకాశం ఎక్కువ. ఇడ్లీ, అన్నం, ఏదైనా సరే. సంచిలో రెండు అరటిపళ్ళో, వేరుశనగ చిక్కీలో పెట్టుకోండి. నెలసరి రోజుల్లో చాలామందికి ఒళ్ళు సున్నితంగా ఉంటుంది, వీలుంటే తేదీ మార్చుకోండి.

తిమ్మిరి క్రీము గురించి అందరూ అడుగుతారు. మందుల షాపుల్లో దొరికేది ఎక్కువగా లిగ్నోకైన్, ప్రైలోకైన్ కలిసినది. గంట ముందు రాసి ప్లాస్టిక్ చుడితే పైపొర మొద్దుబారుతుంది. కాసేపు పనిచేసి దిగిపోతుంది. దిగాక నొప్పి ఒక్కసారిగా తెలుస్తుంది. కొందరు ఆర్టిస్టులకి అది ఇష్టం ఉండదు, చర్మం ఉబ్బి రబ్బరులా మారి గీత సరిగ్గా పడదంటారు. ముందే అడిగి వాడండి. ఆన్‌లైన్‌లో అమ్మే ఘాటు క్రీముల జోలికి వెళ్ళొద్దు. 4 శాతం కంటే ఎక్కువ లిడోకైన్ ఉన్న ఇలాంటి క్రీముల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024లో హెచ్చరిక జారీ చేసింది. లిగ్నోకైన్‌కే ఇంకో పేరు లిడోకైన్. పెద్ద చోటు మీద మందంగా పూసి ప్లాస్టిక్ చుడితే మందు రక్తంలోకి ఎక్కువై గుండె లయ తప్పొచ్చు, ఫిట్స్ రావొచ్చు. అరచేయంత కూడా లేని అక్షరాలకి అసలు క్రీమే అక్కర్లేదు.

ముందుగా స్టెన్సిల్ అంటిస్తారు, ఊదారంగులో డిజైన్ అచ్చు పడుతుంది. ఇక్కడ తొందరపడొద్దు. లేచి నిలబడి, చెయ్యి మామూలుగా వేలాడదీసి అద్దంలో చూడండి. కూర్చున్నప్పుడు తిన్నగా ఉన్నది నిలబడితే వంకరగా కనిపిస్తుంది. తర్వాత ప్రతి అక్షరాన్నీ పైకి చదవండి, పక్కనున్నవాళ్ళ చేత చదివించండి. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు టైప్ చేస్తే ఒత్తు విడిపోయి పక్కన పడుతుంది, ‘అమ్మ’ కాస్తా ‘అమ్‌మ’ అవుతుంది. ఆర్టిస్టుకి తెలుగు చదవడం రాకపోతే అతనికి అది తేడాగానే కనిపించదు. నచ్చకపోతే స్టెన్సిల్ తుడిచేసి మళ్ళీ అంటించమనండి, దానికి ఏమీ తీసుకోరు.

మెషీన్ మొదలైన మొదటి రెండు నిమిషాలే గట్టివి. శబ్దానికే సగం బిగుసుకుపోతాం. ఊపిరి నెమ్మదిగా బయటికి వదలండి, చెయ్యి బిగించొద్దు. గీతలు గీసేటప్పుడు చురుకు చురుకుగా, బ్లేడు మొనతో రాస్తున్నట్టు ఉంటుంది. షేడింగ్‌లో, అంటే గీతల మధ్య రంగు నింపేటప్పుడు, పోటు తగ్గి మంట ఎక్కువవుతుంది. ఐదారు నిమిషాలకి ఒళ్ళు అలవాటుపడుతుంది, మాట్లాడుతూ కూర్చోవచ్చు. గంటన్నర, రెండు గంటలు దాటితే ఆ ఓర్పు అయిపోతుంది. అప్పుడు సూది కంటే మధ్యమధ్యలో టిష్యూతో తుడవడమే కారం చల్లినట్టు ఉంటుంది. మొదటిసారి రెండు గంటలకి మించని డిజైన్ ఎంచుకోమనేది అందుకే. నా ‘అమ్మ’కి ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. అ, మ వేస్తున్నంతసేపూ కబుర్లు చెప్పాను. మణికట్టు వైపు దిగే మ ఒత్తు దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది.

ఆపమంటే ఆపుతారు. సిగ్గుపడకుండా అడగండి. చెమటలు పట్టి, చెవుల్లో గుయ్‌మంటే వెంటనే చెప్పి పడుకోండి, కాళ్ళు కొంచెం ఎత్తుగా పెట్టుకోండి.

తర్వాతి రెండు వారాలు

ఆ రాత్రి ఎండకి కమిలినట్టు సలుపుతుంది. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. పైన పల్చటి ప్లాస్టర్ లాంటి ఫిల్మ్ అంటిస్తే ఎన్నిరోజులు ఉంచాలో అడగండి. లోపల నల్లటి నీరు చేరడం మామూలే. తీశాక గోరువెచ్చటి నీళ్ళు, వాసన లేని మెత్తటి సబ్బు, చేత్తోనే కడగడం, శుభ్రమైన గుడ్డతో అద్దడం, చెప్పిన ఆయింట్‌మెంట్ పల్చగా. అంతే.

పసుపు పెట్టమని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. మా అమ్మ కూడా గిన్నెలో కలుపుకునే వచ్చింది. ప్రేమతో అన్నమాటే గానీ, వంటింటి పసుపు, కొబ్బరినూనె తెరిచిన గాయానికి శుభ్రమైనవి కావు. నొచ్చుకోకుండా చెప్పి ఆపండి. చెరువు, బావి, స్విమ్మింగ్ పూల్, పుష్కర స్నానం రెండు మూడు వారాలు వద్దు. ఎండ తగలనివ్వొద్దు. నాలుగో రోజు నుంచి పొట్టు లేస్తుంది, దురద పిచ్చెక్కిస్తుంది. గోకొద్దు, అరచేత్తో మెల్లగా తట్టండి. ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా స్టూడియోకి ఫోన్ చేసి కూర్చోకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మనసు మారితే ఏమిటన్న లెక్క కూడా ముందే తెలుసుకోండి. లేజర్‌తో తీయించాలంటే ఆరు నుంచి పది సార్లు, కొందరికి ఇంకా ఎక్కువసార్లు వెళ్ళాలి, ఒక్కోదానికి మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడం. ఒక్కో సిట్టింగ్‌కి వేలల్లోనే తీసుకుంటారు. మూడు వేలు పెట్టి వేయించుకున్న పేరు తీయించడానికి పాతికవేలు పోసిన స్నేహితురాలు నాకుంది. వేడి నూనె చుక్కలు చిట్లినట్టు ఉంటుందని, వేయించుకున్న నొప్పి దీని ముందు లెక్కలోకే రాదని చెప్పింది. నలుపు త్వరగా పోతుంది, ఆకుపచ్చ, పసుపు మొండికేస్తాయి. మన చర్మం మీద ఆ చోట తెల్లమచ్చ మిగిలే ప్రమాదమూ ఉంది. ప్రేమించినవాళ్ళ పేరు వేయించుకోవాలనిపిస్తే ఒక ఏడాది ఆగండి.

పైకి మానినట్టు కనిపించినా లోపల పూర్తిగా కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నాకు మ ఒత్తు తోక దగ్గర కొంచెం రంగు రాలిపోయింది. ఆరో వారం టచప్‌కి వెళ్తే పది నిమిషాల్లో సరిచేశారు, డబ్బు తీసుకోలేదు. ఆ పది నిమిషాలూ మొదటిసారి కంటే ఎక్కువ నొప్పేసింది. టచపే కదా అని ఏమీ తినకుండా వెళ్ళాను.